కారు షెడ్డుకు నల్లా

ఇంటి వెనక ఉన్న కారు షెడ్డుకు భూమిలోంచి నీళ్ళ పైపు వేయించడం గొప్పగా చెప్పుకోవలసిన ఘనకార్యమేమీ కాదు. మా నార్సింగిలో రోజూ ఎవరో ఒకరు ఏదో ఒకటి తవ్వుతూనే ఉంటారు. ఒకరు తవ్వింది పూడ్చకముందే ఇంకొకరొచ్చి పక్కన మొదలుపెడతారు. కానీ ఆ పైపు వల్ల మా అత్త మా ఇంట్లోంచి వెళ్ళిపోయేంత పనయింది. అందుకే చెబుతున్నాను.

అత్త అంటే మా నాన్నకు అక్క, నాకు మేనత్త. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. అత్త భర్త కూడా దాదాపు ఆ రోజుల్లోనే పోయాడు. నాన్న చేవెళ్ళ అవతల ఉన్న ఆమె అత్తగారి ఊరికి వెళ్ళి, అక్కను వెంటబెట్టుకుని వచ్చాడు. అక్కడ ఏం జరిగిందో, ఎందుకు తీసుకొచ్చాడో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. అప్పటి నుంచి నన్ను ఎత్తుకున్నదీ, తిట్టిందీ, చెవి పట్టుకుని బడికి లాక్కెళ్ళిందీ ఆమే.

నాన్న పోయినప్పుడు, దినాలు కాగానే ఆమె తన సందూక సర్దుకుంది. రేకు పెట్టె అది, మూత మీద నీలం రంగు సగం ఊడిపోయి ఉంటుంది. "తమ్ముడుండె, నేనుంటి. తమ్ముడే లేకపాయె, ఇగ నాదేమున్నదిరా ఈడ?" అంది. నాకు దుఃఖం, కోపం ఒకేసారి వచ్చాయి. ఆ సందూకను ఎత్తి అటక మీద పెట్టి, నిచ్చెన తీసుకెళ్ళి పక్కింటి వాళ్ళ డాబా మీద దాచాను. ఆమె ఏడుస్తూ ఏడుస్తూ నవ్వింది. ఉండిపోయింది. కానీ ఆ రోజు నుంచి నాలో ఒక భయం అలాగే ఉండిపోయింది. ఏదో ఒక రోజు ఏదో ఒక మాటకు ఈమె మళ్ళీ ఆ సందూక అందుకుంటుందని.

ఇక షెడ్డు సంగతి. మా స్థలం పొడుగే గానీ వెడల్పు లేదు. ముందు ఇల్లు, మధ్యలో ఖాళీ జాగా, వెనక గల్లీని ఆనుకుని మూలకు కారు షెడ్డు, ఇటు ఇంటి వైపు తలుపు, అటు గల్లీ వైపు షట్టర్. కారు కొనకముందే షెడ్డు కట్టించిన ఘనుడు మా నాన్న. తీరా నేను కారు కొన్నాక తెలిసింది, వెనక గల్లీలో ఒకాయన తన మెట్లను రోడ్డు మీదికి దింపి కట్టుకున్నాడని, అక్కడ కారు మలుపు తిరగదని. నేను వెళ్ళి గొడవ పెట్టుకున్నాను. ఆయన నాకు చాయ్ ఇచ్చాడు. మెట్లు మాత్రం కొట్టలేదు. అప్పటి నుంచి కారు ఇంటి ముందు ఎండలో ఎండుతుంది, షెడ్డులో మా అత్త జొన్నరొట్టెలు కాలుస్తుంది.

అత్తకు కట్టెల పొయ్యి మీద కాల్చిందే రొట్టె. "గ్యాసు మీద కాలిస్తె అది రొట్టెనారా? అట్ట ముక్క!" అంటుంది. నేనూ మా ఆవిడా ఇద్దరం గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తాం, వారంలో సగం రోజులు ఇంట్లోనే లాప్‌టాప్ ముందు కూర్చుంటాం. పొయ్యి పొగకు మీటింగులో అవతలి వాళ్ళు "ఏమైంది, ఏడుస్తున్నారా?" అని అడిగేవారు. అది చూసి అత్త తనంతట తానే పొయ్యిని షెడ్డుకు మార్చుకుంది. షట్టర్ సగం ఎత్తి, గోడకు ఆనుకుని కూర్చుని, అరచేతుల మధ్య పిండి ముద్దను తిప్పి పలకగా చేస్తూ, గల్లీలో పోయే ప్రతివాడినీ పలకరిస్తూ ఆమె అక్కడ మహారాణిలా ఉండేది.

అలా అని ఆమె వంట వేరు, మా వంట వేరు కాదు. రొట్టె అక్కడ కాలేది, కూర ఇక్కడ ఉడికేది, తినడం అందరం ఇంట్లోనే. ఉప్పు, నూనె, పెరుగు, ఏది కావాలన్నా అత్త వంటింట్లోకి వచ్చి డబ్బాతో సహా ఎత్తుకుపోయేది. అడగడం అనేది ఆమెకు తెలియదు. మా ఆవిడది తెనాలి దగ్గర. గిన్నె తీసిన చోటే పెట్టే మనిషి. స్టౌ మీద నూనె కాగుతుంటే చెయ్యి చాచేసరికి అక్కడ డబ్బా ఉండేది కాదు. పోపు గరిటె పట్టుకుని వెనక కిటికీలోంచి అరిచేది.

"అత్తయ్యా! జీలకర్ర డబ్బా!"

"ఈడున్నది! వచ్చి తీస్కపో!"

నా ఆఫీసు మీటింగుల్లో ఈ కేకలు వినని వాళ్ళు లేరు. ఒకసారి బెంగళూరు నుంచి మాట్లాడుతున్న మేనేజరు, "జీలకర్ర దొరికిందా?" అని అడిగాడు.

షెడ్డులో అన్నీ ఉన్నాయి గానీ నల్లా లేదు. వంటింటి వెనక గిన్నెలు తోమే చోట బకెట్ నింపుకుని, ఖాళీ జాగా దాటి, అత్తే మోసుకెళ్ళేది. నేను మోస్తానంటే వినేది కాదు. "నువ్వు కంప్యూటర్ల మొకం పెట్టి కూసుంటవు, నీ కోసం నా పిండి ఆగుతదా?" అనేది. మోకాలు అప్పటికే అరిగింది. ఒక వానాకాలం పొద్దున బకెట్ పట్టుకుని పోతూ నాచు మీద కాలు జారి కూలబడిపోయింది. ఎముక విరగలేదు గానీ, దవాఖానలో డాక్టరు ఇకమీద బరువు ఎత్తితే ఊరుకోనని గట్టిగా చెప్పాడు. ఆమె ఆయన ముందు బుద్ధిగా తలాడించింది. ఇంటికి వచ్చి చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని మళ్ళీ బకెట్ పట్టింది.

మా ఆవిడ ఆ బకెట్ లాక్కుంది. "షెడ్డుకు కుళాయి వేయిద్దామండీ," అంది నాతో. నేను చవకగా పోయే ఉపాయం చెప్పాను, ఒక హోసు పైపు లాగితే సరిపోదా అని. "ఎండకి ఉడికి రబ్బరు వాసనొచ్చే నీళ్ళతో అత్తయ్య పిండి కలపాలా?" అంది. గోడ మీదుగా వేద్దామన్నాను. "వేసవిలో స్నానానికి పనికొస్తాయి ఆ నీళ్ళు," అంది. భూమిలోంచే వేయాలని అలా తేలిపోయింది. మా ఇంట్లో చాలా నిర్ణయాలు ఇలాగే తేలతాయి.

వచ్చిన ప్లంబరు చెవిలో ఎప్పుడూ ఫోన్ ముక్క ఉండేది. అతను మాట్లాడుతున్నది మనతోనో, కొండాపూర్‌లో ఇంకో ఇంటి వాళ్ళతోనో తెలిసేది కాదు. "ఆ వస్తున్న వస్తున్న, దారిలున్న," అనేవాడు, నా ఎదురుగా నిలబడి. వెంట ఇద్దరు కూలీలు, గడ్డపారలు. డాబా మీది ట్యాంకు నుంచి వంటింటికి దిగే పైపుకు వంటింటి గోడ దగ్గర కొమ్మలా ఇంకో పైపు కలిపి, అక్కడి నుంచి మోకాలి లోతు కాలువలో షెడ్డు దాకా నల్ల పైపు తీసుకెళ్ళాలని అతని ఆలోచన. చుట్టగా వస్తుంది ఆ పైపు. భూమిలో ఎక్కడా అతుకు ఉండదు, అతుకు లేకపోతే కారదు. అంతవరకు బాగానే ఉంది.

కానీ మా దగ్గర మట్టి అనేది బండ మీద కప్పిన పల్చటి దుప్పటి. ఖాళీ జాగాలో ఉన్న నిమ్మచెట్టు దాటగానే గడ్డపార ఖంగుమంది. కూలీలు కాసేపు ఆ బండతో పోరాడి, చెమట తుడుచుకుని, నా వైపు చూశారు. ప్లంబరు కాలువను పక్కకు తిప్పమన్నాడు. ఎటు తిప్పాడయ్యా అంటే, సరిగ్గా డ్రైనేజీ పైపు పోతున్న చోటికి. అక్కడ మట్టి మెత్తగా ఉంటుందట, పని తొందరగా అయిపోతుందట, రెండు పైపులూ ఒకే కాలువలో పక్కపక్కనే పడుకుంటాయట.

నాకు ఒళ్ళు మండింది. "తాగే నీళ్ళ పైపును డ్రైనేజీ పక్కన పడుకోబెడతావా? రేపు అది పగిలితే నువ్వొచ్చి తాగుతావా?" అని అరిచాను. అతను చెవిలో ముక్క తీసి, "గట్ల గరమ్ అయితే ఎట్ల సార్? అందరికీ గిట్లనే ఏస్తం," అన్నాడు. అందరికీ అలాగే వేస్తాడని తెలిశాక నా కోపం ఇంకా పెరిగింది. ఇద్దరం కాసేపు వాదించుకున్నాం. చివరికి కాలువ బండకు అటువైపు నుంచి చుట్టు తిరిగింది. డ్రైనేజీని దాటాల్సిన ఒక్కచోట మాత్రం దానికి పైనుంచి, జానెడు మట్టి ఎడంతో దాటించారు. నల్ల పైపు కాబట్టి వంగమన్నట్టు వంగింది.

అత్త ఇదంతా వంటింటి గడప మీద కూర్చుని చూస్తోంది. "ఎవల కోసంరా గింత తవ్వుడు?" అని అడిగింది. "నీ కోసమే అత్తా. ఇక నువ్వు నీళ్ళు మొయ్యనక్కర్లేదు," అన్నాను. "నా కోసమా?" అంది. నాకు అది సంతోషంలాగే కనిపించింది.

కాలువలో ఇసుక పరిచి, పైపు పడుకోబెట్టి, పూడ్చే ముందు నీళ్ళు వదిలి చూశారు. షెడ్డు దగ్గర పైపు పైకి లేచే చోట అతుకు కారింది. విప్పి మళ్ళీ బిగించారు. ఇటు ఇంటి గోడ దగ్గర ఒక వాల్వు పెట్టి, ప్లంబరు దాన్ని తిప్పి అత్తకు చూపించాడు. "చూడమ్మా, సపరేట్ వాల్వు. ఇంటికి ఇంటిదే, షెడ్డుకు షెడ్డుదే. దేనికి దానికే." ఆమె ఆ వాల్వు వైపు కొంచెం ఎక్కువసేపే చూసింది. పైపు మీద మళ్ళీ ఇసుక పోసి, రేపెవరైనా తవ్వితే గడ్డపారకు ముందు తగిలేలా ఇటుకలు వరసగా పేర్చి, మట్టి కప్పేశారు. షెడ్డులో పొయ్యికి ఇవతల చిన్న సిమెంటు గట్టు కట్టి దాని మీద నల్లా బిగించారు. గట్టు మీది నీళ్ళు నిమ్మచెట్టు పాదులోకి పోయేలా చేశారు. చూడముచ్చటగా ఉంది.

మా ఆవిడ వాళ్ళ ఊళ్ళో కొత్త బోరు పడితే మొదటి నీళ్ళతో పరమాన్నం వండుతారట. ఆమె ఉత్సాహం పట్టలేకపోయింది. నల్లాకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. అత్త పొయ్యిని తనే అలికి, ముగ్గు వేసి, మొదటి నీళ్ళు పట్టి, పాలు కలిపి ఎసరు పెట్టింది. పాలు పొంగి అంచు దాటి పొయ్యిలోకి జారాయి. "పొంగనివ్వండి, పొంగితే మంచిది," అని నవ్వుతూ మంట తగ్గించనే లేదు. అత్తను పిలిచి ఆమె చేతే బియ్యం వేయించింది. అత్త వేసింది. వేసి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. పొగకేమో అనుకున్నాను.

పరమాన్నం తింటూ ప్లంబరు షెడ్డు నలువైపులా చూసి మెచ్చుకున్నాడు. "ఇగ అమ్మకు ఇంట్లకొచ్చే పనే లేదు సార్. పొయ్యి గీడనే, నల్లా గీడనే." మేమంతా నవ్వాం. అత్త కూడా, "అవ్ బిడ్డ, ఇగేం పని," అని అతనికి మరో గరిటె వడ్డించింది.

మర్నాడు పొద్దున నేను కాఫీ తాగుతున్నాను. అత్త చిన్న గిన్నె పట్టుకుని వంటింటి గడప అవతల నిలబడింది.

"బిడ్డా, జర ఉప్పుంటె ఇస్తవా?"

మా ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఆ వంటింట్లో ఎవరూ వినలేదు. "అదేంటి అత్తయ్యా, డబ్బా అక్కడే ఉందిగా, తీసుకోండి," అంది. అత్త లోపలికి రాలేదు. గిన్నెను గడప మీద పెట్టింది. ఉప్పు చేతికివ్వరు కదా, మా ఆవిడ అందులో ఉప్పు పోసి గడప మీదే ఉంచింది. అత్త తీసుకుని వెళ్ళిపోయింది. "మా అత్తకు మర్యాద ఎక్కడ అంటుకుందో!" అని నేను నవ్వాను. మా ఆవిడ నవ్వలేదు.

ఆ మర్నాడు అదే గిన్నె గడప మీదికి తిరిగి వచ్చింది. ఇచ్చినదానికంటే కాస్త ఎక్కువ ఉప్పుతో, తలగొట్టకుండా కుప్పగా నిండి ఉంది. కిరాణా కొట్టుకు వెళ్ళి అత్త తనకంటూ ఒక ఉప్పు ప్యాకెట్ కొనుక్కుని వచ్చింది. రొట్టెలు కూడా అలాగే వచ్చాయి, గుడ్డ కప్పిన గిన్నెలో, పొరుగింటి వాళ్ళు పంపినట్టు. తినడానికి రమ్మంటే, "నాది అయిపాయె బిడ్డ, మీరు తినుండ్రి," అని షెడ్డులోంచే జవాబు వచ్చింది. కిటికీలోంచి కేకలు ఆగిపోయాయి. డబ్బాలన్నీ తీసిన చోటే ఉన్నాయి. మా ఆవిడ జీలకర్ర డబ్బా కోసం చెయ్యి చాచి, అది అక్కడే ఉండటం చూసి, పోపు మాడిపోతున్నా అలాగే నిలబడిపోవడం నేను చూశాను.

ఆ వారాంతంలో ఏదో వెతుకుతూ అటక వైపు చూశాను. అక్కడ సందూక లేదు. అత్త గదిలోకి పరుగెత్తాను. మంచం మీద దుప్పటి మడిచి ఉంది. చాప లేదు, దేవుడి పటం లేదు, కొక్కేనికి వేలాడే చీరలు లేవు. కాలువ మట్టి చదును చేయడానికి మళ్ళీ వచ్చిన కూలీని అడిగి అత్త ఎప్పుడో సందూకను దింపించుకుందట, తర్వాత తెలిసింది.

షెడ్డులోకి వెళ్ళేసరికి సందూక గోడవారగా ఉంది. దాని మీద చుట్టిన చాప. అత్త పిండి కలుపుతోంది. నాకు దుఃఖం వస్తే ముందు కోపంగానే బయటికి వస్తుంది. "ఏందత్తా ఇది? ఏం తక్కువైంది నీకు? ఎవరేమన్నారు?" అని అరిచాను. గల్లీలో పోయే ఆవిడ ఒకరు ఆగి చూసి మళ్ళీ నడిచారు.

"ఎవలేమన్లేదు కొడుకా. అరవకు," అంది అత్త. పిండి మీంచి చెయ్యి తీయలేదు. "పాలు పొంగించిన్రు. పొయ్యి ముట్టిచ్చిన్రు. నల్లా ఇచ్చిన్రు. ఇల్లు జేసినంక ఇంట్ల ఉండాలె గద."

"ఇల్లేంది? ఎవరికి ఇల్లు?"

"నాకు."

నా వెనకే వచ్చిన మా ఆవిడ షెడ్డు తలుపు దగ్గర ఆగిపోయింది. నాకు అప్పుడుగానీ అర్థం కాలేదు. కొత్త ఇంట్లో కాపురం పెట్టేటప్పుడు ఎవరైనా పాలు పొంగిస్తారు. వేరు పడేటప్పుడు ఎవరి పొయ్యి వారిది, ఎవరి నీళ్ళు వారివి. మేము ఆమె బరువు దించామనుకుంటే, ఆమె ఎదురుగా ఆమెకు వేరు కాపురం పెట్టించాం. అదీ పసుపు కుంకుమలతో.

అప్పుడు అత్త, నాన్న ఎన్నడూ చెప్పని మాట చెప్పింది. "మీ మామ పోయినంక మా బావలు గిట్లనే జేసిన్రు. పసుల కొట్టంల నాకో పొయ్యి ఏసిచ్చిన్రు, ఓ కుండ ఇచ్చిన్రు. నీళ్ళు నీ కాడికే తెచ్చి పోస్తం, నువ్వు తిప్పల పడకు, ఇంట్లకు వచ్చే పనే లేదు అన్నరు. మంచిగనే అన్నరు. తెల్లారి ఉప్పుకు పోతె, నీకు పొయ్యి వేరాయె గద, ఇంక మాదెందుకు అన్నరు. మీ నాయిన వచ్చేదాంక నేను ఉప్పు లేకుండనే తిన్న."

మా ఆవిడ ఏడ్చేసింది. "అయ్యో అత్తయ్యా, నేను అలా అనుకుని చెయ్యలేదండీ. మా వైపు కొత్త నీళ్ళొస్తే పరమాన్నం వండుతాం. అంతే. మీరు పడిపోయారని, మళ్ళీ పడతారని..." మాట పూర్తి కాలేదు. అత్త పిండి చేతుల మణికట్టుతో ఆమె చెంపను తుడిచింది.

"తెలుసు బిడ్డ. నువ్వు మంచికే జేసినవు. ఊకో. నాకేం కోపం లేదు, ఫికర్ లేదు. ఈడ మంచిగనే ఉన్నది."

కోపం ఉంటే బాగుండేది. కోపం ఉన్న మనిషిని బతిమాలవచ్చు, తిట్టించుకోవచ్చు. ఆమె మా మాట నమ్మింది కూడా. నమ్మినా, సందూక కదల్లేదు. మనసుకు ఒకసారి తగిలింది మాటతో పోదని అప్పుడు నాకు తెలిసింది. ఆమె షెడ్డులో ఉంటానంటోంది గానీ నాకు తెలుసు, సందూక ఇంటి గడప దాటింది కాబట్టి ఇక వీధి గడప దాటడం ఎంతో సేపు పట్టదు. చేవెళ్ళ వైపు దూరపు చుట్టాల పేర్లు ఆమె మాటల్లో అప్పుడే వినబడటం మొదలైంది. "మా చిన్నమ్మ బిడ్డ ఒక్కతే ఉంటదట," అనేది, ఎవరితోనూ కాకుండా.

నేను ఆ పైపు మొత్తం తవ్వి పారేస్తానన్నాను. నిజంగానే గడ్డపార కోసం పక్కింటికి బయలుదేరాను. మా ఆవిడ గేటు దగ్గర ఆపింది. "పైపు ఏం చేసిందండీ పాపం? తవ్వేస్తే మళ్ళీ బకెట్ మోస్తుంది, అంతేగా?" అంది. ఆమె మాటల్లో ఎప్పుడూ ఉండే మెత్తదనం ఆ రోజు లేదు. ఏదో ఆలోచిస్తోంది.

మరునాడు పొద్దున నేను మీటింగులో ఉన్నాను. వెనక కిటికీలోంచి షెడ్డు కనబడుతోంది. అత్త పెనం పెట్టి పిండి కలుపుతోంది. మా ఆవిడ విసవిసా నడుచుకుంటూ షెడ్డులోకి వెళ్ళింది. పలకరించలేదు, అడగలేదు. అత్త పక్కనున్న ఉప్పు డబ్బా ఎత్తుకుని వెనక్కి తిరిగింది.

"ఓయ్! ఏందే? పిండి కలుపుతున్న, ఉప్పెటు తీస్కపోతున్నవు?"

మా ఆవిడ నడుస్తూనే ఉంది. నేను లాప్‌టాప్ వదిలేసి వంటింట్లోకి వచ్చాను. ఆమె మా ఉప్పు డబ్బా మూత తీసి, అత్త కొనుక్కున్న ఉప్పంతా అందులో ఒంపేసింది. గరిటెతో అడుగు నుంచి కలిపేసింది. ఖాళీ డబ్బాను కడిగి బోర్లించింది. అప్పటికి అత్త మోకాలు పట్టుకుని, జొన్నపిండి చేతులతో ఖాళీ జాగా దాటి వచ్చేసింది. ఆ విసురులో గడప చూసుకోలేదు. వంటింటి మధ్యకు వచ్చి ఆగింది.

"నా ఉప్పు ఏదే?"

మా ఆవిడ నిండిన డబ్బా చూపించింది. "ఇందులో ఉంది. మీదేదో మాదేదో ఏరుకోండి."

అత్త ఆ డబ్బా వైపు చూసింది. మా ఆవిడ దాన్ని స్టౌ పక్కన పెట్టింది. "మనింట్లో ఉప్పు కూడా అడిగి తీసుకోవాలా అత్తయ్యా? ఇన్నేళ్ళు మీరు అడిగారా? నేనెందుకు అడగాలి?"

నా గదిలో లాప్‌టాప్‌లోంచి ఎవరో నా పేరు పట్టుకుని పిలుస్తున్నారు, వినబడుతున్నానా అని అడుగుతున్నారు. అత్త కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చేతులకు పిండి ఉండటంతో తుడుచుకోలేదు, అవి జారనిచ్చింది. తర్వాత ముందుకు వచ్చి, నిండిన ఉప్పు డబ్బాను మూతతో సహా చంకలో పెట్టుకుంది.

"రొట్టె మాడుతది," అని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

మా ఆవిడ స్టౌ వెలిగించి పప్పు కుక్కర్ మూత తీసింది. పప్పులో వేయడానికి ఉప్పు లేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, వెనక కిటికీ దగ్గరికి వెళ్ళి అరిచింది.

"అత్తయ్యా! ఉప్పు డబ్బా!"

షెడ్డులో నల్లా తిప్పిన చప్పుడు, గట్టు మీద నీళ్ళు పడుతున్న చప్పుడు వచ్చాయి.

"ఈడున్నది! వచ్చి తీస్కపో!"

నేను షెడ్డుకు వెళ్ళి సందూకను ఎత్తుకున్నాను. అత్త రొట్టె తిరగేస్తూ చూసింది, మళ్ళీ పిండి ముద్ద అందుకుంది. ఇంట్లోకి తెచ్చి అటక మీద దాని పాత చోట్లోనే పెట్టాను. నిచ్చెన మాత్రం ఈసారి దాచలేదు.